సిస్టర్ తినే అరగంటకు ఒక మనిషిని ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

జ్వరాల వార్డుల్లో మంచాలు చాలడం లేదని, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పడుకుంటున్నారని మీ జిల్లా పేజీలో వరసగా వార్తలు ఇస్తున్నారు. మందులు ఉన్నాయా, ప్లేట్‌లెట్ల రిపోర్టు ఎంతసేపట్లో వస్తోంది, డాక్టరుగారు ఎన్నింటికి రౌండ్స్‌కు వస్తున్నారు అని కూడా అడుగుతున్నారు. అన్నీ అడగాల్సినవే. ఆ వార్డులో రాత్రంతా తిరిగే సిస్టర్ అన్నం తిన్నదా లేదా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అది మా సొంత గొడవ అనుకుంటున్నారేమో. కాదు, మంచం మీద ఉన్న పేషెంటుకు కూడా సంబంధించిన విషయం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉత్తర తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో మెడికల్ వార్డు హెడ్ నర్సును. ఇరవై ఏళ్లకు పైబడిన సర్వీసు. మా వార్డు డ్యూటీ చార్టు వేసేది నేనే. ఎవరికి మార్నింగ్, ఎవరికి నైట్, ఎవరికి ఆఫ్, ఎవరు మెటర్నిటీ లీవు, ఎవరిని డెప్యుటేషన్ మీద పక్క ఆస్పత్రికి పంపారు, అన్నిటికీ ఆ చార్టులో గళ్లు ఉన్నాయి. తిండికి గడి లేదు. నేను సర్వీసులో చేరిన రోజు నుంచీ లేదు.

మా దగ్గర ఉదయం ఎనిమిది నుంచి రెండు వరకు ఒక డ్యూటీ, రెండు నుంచి ఎనిమిది వరకు ఇంకోటి, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా నైట్. అంటే నైట్ పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటలు ఎలా గడుస్తాయో చెబుతాను.

నలభై మంచాల వార్డు. సీజన్‌లో కింద పరుపులు వేసుకున్నవాళ్లతో కలిపి యాభై దాటుతారు. ఇద్దరు సిస్టర్లు ఉంటారు, ఒక్కోసారి ఒక సిస్టర్, ఒక బ్రదర్. రాగానే మంచం మంచం తిరిగి ఓవర్ తీసుకుంటారు, అంటే దిగిపోయే డ్యూటీవాళ్ల నుంచి వార్డు అప్పగింత. ఎవరికి ఏ సెలైన్ నడుస్తోంది, ఎవరికి ఎన్నింటికి యాంటీబయాటిక్, ఎవరికి యూరిన్ ఎంత వచ్చింది, ఎవరి బీపీ పడుతోంది, ఇవన్నీ తెలుసుకోవాలి. అది అయ్యేసరికి తొమ్మిది. ఆ తర్వాత రాత్రి మందులు, ఇంజెక్షన్లు. ఒక్కో ఇంజెక్షన్ కలిపి, కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) పనిచేస్తోందో లేదో చూసి, మెల్లగా ఎక్కించి, కేస్ షీట్‌లో టైము వేసి సంతకం పెట్టాలి. ఈలోగా క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్ వస్తుంది. మంచం వెతకాలి, లైను పెట్టాలి, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాలి, డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పదకొండున్నరకో పన్నెండుకో ఇంటి నుంచి కట్టుకొచ్చిన సద్ది విప్పుతారు. “సిస్టర్, గ్లూకోజ్ అయిపోయింది” అని ఎవరో వస్తారు. లేవాలి. సీసా ఖాళీ అయిపోయి రక్తం వెనక్కి ఎక్కితే కాన్యులాలో గడ్డకడుతుంది, మళ్లీ ఇంకో చోట పొడవాలి. వచ్చి కూర్చుంటే “సిస్టర్, మా నాయనకు చలి పుడుతున్నది” అంటూ ఇంకొకరు. లేవాలి. లేచిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, తిరిగి వచ్చాక మళ్లీ కడుక్కోవాలి. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక డబ్బా మూత పెట్టేస్తారు. అన్నం పొద్దున అలాగే ఇంటికి పోతుంది.

పిలిచినవాళ్ల తప్పు ఏమీ లేదు. నా మనిషి మంచం మీద ఉంటే నేనైనా పిలుస్తాను. మా ఊళ్ల నుంచి వచ్చే ముసలమ్మలు “తిన్నవా బిడ్డా” అని అడుగుతారు కూడా. “తిన్న అవ్వా” అని చెప్పి మా నర్సు పిల్లలు ముందుకు పోతారు. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు.

తినడానికి చోటు కూడా చెప్పుకోవాలి. చాలా వార్డుల్లో సిస్టర్లు తినేది డ్యూటీ టేబుల్ దగ్గరో, ఇంజెక్షన్ రూములోనో. అదే టేబుల్ మీద రక్తం శాంపిళ్లు, యూరిన్ సీసాలు ఉంటాయి. అలాంటి చోట తినకూడదు, తాగకూడదు అని నర్సింగ్ స్కూల్లో మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. టేబుల్ దగ్గర తింటుంటే ఎవరో ఫోన్‌లో వీడియో తీసి, పేషెంట్లను వదిలేసి తింటున్నారని వాట్సాప్‌లో పెట్టడం కూడా జరుగుతోంది. వేరే గదికి పోతే వార్డు వదిలేసి పోయిందంటారు. మరి ఆ అమ్మాయి ఎక్కడ తినాలి?

ఈ విషయం మీటింగుల్లో ఎత్తినప్పుడల్లా ఒకే జవాబు వస్తుంది: వంతులవారీగా తినండి, ఎవరు వద్దన్నారు? ఇద్దరు ఉన్నచోట వంతు అంటే ఏమిటో ఆ మాట అన్నవాళ్లు ఆలోచించాలి. ఒకరు తింటున్న అరగంట రెండోవారు యాభై మందిని ఒంటరిగా చూడాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం టీచింగ్ ఆస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒక నర్సు, ఐసీయూలో ఒక్కరికి ఒకరు ఉండాలి. దీనికి తోడు సెలవుల కోసం ముప్పై శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. మన రాష్ట్రంలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జిల్లా ఆస్పత్రులు టీచింగ్ ఆస్పత్రులయ్యాయి, మంచాలు పెరిగాయి, సంతోషమే. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ బ్యాచ్‌లో వచ్చిన పిల్లలు మా వార్డులోనూ ఉన్నారు, వాళ్లు రాకపోతే మా పరిస్థితి ఊహించలేను. కానీ కొత్తవాళ్లు వచ్చారని ఆ పక్కనే ఇంకో వార్డు తెరుస్తారు. ఒకరికి కాన్పు, ఒకరికి డెప్యుటేషన్. ఆ ముప్పై శాతం అదనం అనేది నా సర్వీసులో నేను ఎక్కడా చూడలేదు. చార్టు మీద నలుగురు కనిపిస్తారు, రాత్రి వార్డులో ఇద్దరే ఉంటారు.

పేషెంటుకు దీనివల్ల ఏమవుతుందో చెప్పాలి. డెంగీలో జ్వరం ఉన్నన్ని రోజులు ఇంట్లోవాళ్లు భయపడతారు, జ్వరం తగ్గగానే ఊపిరి పీల్చుకుంటారు. మేము మాత్రం అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉంటాం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగుతున్నప్పుడే రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారుతుంది. బీపీలో పై అంకెకూ కింది అంకెకూ తేడా తగ్గిపోతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. ఆ సమయంలో గంట గంటకూ చూసి, సెలైన్ ఎంత వేగంతో పోవాలో సరిచేస్తూ ఉండాలి. తక్కువైతే షాక్‌లోకి పోతారు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇది మిషన్ చూసే పని కాదు. రాత్రి మూడింటికి ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని చల్లగా ఉందని గుర్తుపట్టాల్సింది సిస్టరే. మధ్యాహ్నం నుంచి ఏమీ తినని మనిషికి ఆ వేళ కళ్లు తిరుగుతుంటాయి, రెండంకెలు కూడాలన్నా రెండుసార్లు చూసుకోవాల్సి వస్తుంది. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి మందులు ఒకరు తీస్తే ఇంకొకరు చూసి సరే అన్నాకే ఇవ్వాలని మాకు నేర్పారు. ఒకరు తినడానికి పోతే ఆ రెండో జత కళ్లు ఉండవు. అందుకే పద్ధతిగా పనిచేసే పిల్లలు తినడమే మానేస్తున్నారు. బద్ధకస్తులు ఎలాగూ తింటారు, నష్టపోయేది బాధ్యత తెలిసినవాళ్లే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

వాళ్ల ఒంటికి ఏమవుతుందో కూడా రాస్తాను. మా స్టాఫ్‌లో ఒక సిస్టర్‌కు షుగర్. మాత్ర వేసుకున్నాక టైముకు తినకపోతే షుగర్ పడిపోతుంది. ఆమె కోటు జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది. ఇంజెక్షన్ల మధ్యలో ఒకటి నోట్లో వేసుకుని పని చేస్తుంది. ఏడో నెల గర్భంతో నైట్ చేసిన అమ్మాయిలను చూశాను. ఇంకొకటి చెప్పాలంటే ఆడవాళ్లకు మొహమాటం, అయినా చెబుతాను. వార్డు వదిలి బాత్‌రూమ్‌కు పోవడం కుదరదని చాలామంది డ్యూటీలో నీళ్లు తాగరు. మా ప్రాంతంలో మే నెలలో ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలోనూ తాగరు. యూరిన్ ఇన్‌ఫెక్షన్, గ్యాస్ట్రిక్, కిడ్నీలో రాళ్లు మా స్టాఫ్‌లో మామూలైపోయాయి. ఆ రోగం పేరు చెప్పి సెలవు పెడితే, వార్డులో ఉన్నవాళ్ల మీద మరింత భారం పడుతుంది. వాళ్లూ తినరు.

“ఆరు గంటల డ్యూటీకి భోజనం టైమెందుకు?” అని ఒక అధికారి అడిగారు. మార్నింగ్ డ్యూటీ అమ్మాయి పల్లె నుంచి బస్సు పట్టుకోవాలంటే ఆరింటికల్లా ఇల్లు దాటాలి. అంతకుముందు పిల్లలకు వండి పెట్టి, తాను ఒక చాయ్ తాగి వస్తుంది. రెండింటికి డ్యూటీ అయిపోతుందని కాగితం మీద ఉంటుంది. ఓవర్ ఇచ్చి, ఇండెంట్ పుస్తకం (వార్డుకు కావలసిన మందులు, సామాన్ల జాబితా) రాసి బయటపడేసరికి మూడు. ఇల్లు చేరేసరికి నాలుగు. పొద్దున చాయ్‌కీ సాయంత్రం అన్నానికీ మధ్య పది గంటలు. దీన్ని ఆరు గంటల డ్యూటీ అంటారా?

మా ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం అయిదు గంటలు పని చేయించాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఆయనే నాకు చెప్పారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్‌లోనూ అదే రాశారు: అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, కనీసం అరగంట విరామం ఉండాలి. హోటల్ దగ్గర బస్సు ఆపి డ్రైవరు అన్నం తింటుంటే బస్సులో ఉన్నవాళ్లు ఎవరూ తప్పుపట్టరు. తమ ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయని అందరికీ తెలుసు కాబట్టి ఆయన తినడమే మంచిదనుకుంటారు. 2025 వరకు అమల్లో ఉన్న ఆ రెండు చట్టాలూ సర్కారు దవాఖానా నర్సుకు మాత్రం వర్తించలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల కోసం ప్రత్యేకంగా 149వ ఒప్పందం చేసింది. దాంతోపాటు ఇచ్చిన 157వ సిఫార్సులో భోజనానికి తగినంత విరామం ఉండాలని, చిన్న విశ్రాంతి విరామాలను పని గంటల్లోనే లెక్కకట్టాలని ఉంది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

మా వార్డులో కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక అమ్మాయి, విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ నేర్చుకుని ఆ దేశం వెళ్లింది. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తుంది. అక్కడా నర్సుల కొరత ఉందట, అందుకే కదా ఇక్కడి నుంచి తీసుకెళ్లింది. అయినా ఆరు గంటలు దాటిన పనికి అరగంట, తొమ్మిది గంటలు దాటితే ముప్పావుగంట విరామం అక్కడి చట్టంలో ఉంది. “అక్కా, ఇక్కడ టైము రాగానే నా పేషెంట్లను పక్కామె తీసుకుని నువ్వు పో అంటుంది, మొదట్లో నాకు పోబుద్ధి కాలేదు” అని చెప్పింది. ఆ మాట విని నాకు సంతోషం, దుఃఖం రెండూ కలిగాయి. ఆ అమ్మాయికి ట్రైనింగ్ ఇచ్చింది మనం, అన్నం తిననిచ్చింది వాళ్లు.

ప్రైవేటు ఆస్పత్రుల సంగతి ఇంకా కష్టం. మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో చేస్తుంది. పగలైనా రాత్రైనా పన్నెండు గంటల డ్యూటీ. కూర్చుంటే సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేస్తారని చెబుతుంది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు, ప్రైవేటు నర్సుల జీతాలు, పని పరిస్థితుల మీద కమిటీ వేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ యాభై మంచాల లోపు ఆస్పత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, పని గంటలు, సెలవులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని సిఫార్సు చేసింది. కొలత ప్రభుత్వ నర్సు అన్నమాట. మాకే తిండికి టైము రాసి లేకపోతే ఆ పిల్లలు ఎవరిని చూపించి అడుగుతారు?

2022లో మన ప్రభుత్వం పేషెంట్ల డైట్ చార్జీని రోజుకు 40 రూపాయల నుంచి 80కి, డ్యూటీ డాక్టర్ల భోజనానికి ఇచ్చేది 80 నుంచి 160కి పెంచింది. అదే ఏడాది హైదరాబాద్‌లో 18 పెద్ద ఆస్పత్రుల్లో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. మూడూ మంచి పనులే, మనస్ఫూర్తిగా అంటున్నాను. నర్సుల కోసం నేను భోజనం కూడా అడగడం లేదు. మా సద్ది మేమే తెచ్చుకుంటాం. అది తినే అరగంట వార్డు చూసుకోవడానికి ఒక మనిషిని అడుగుతున్నాను.

ఇది అసాధ్యమేమీ కాదు. ఇద్దరేసి నర్సులున్న నాలుగు వార్డులు తీసుకోండి, ఎనిమిది మంది. ఒక్కొక్కరికి అరగంట, ఓవర్‌కు అయిదు నిమిషాలు కలిపితే మొత్తం 280 నిమిషాలు. అంటే మంచాలేవీ అప్పగించకుండా ఒక్క సిస్టర్‌ను రిలీఫ్‌కు పెడితే, రాత్రి పదకొండున్నర నుంచి నాలుగున్నర లోపు నాలుగు వార్డులవాళ్లూ తినగలుగుతారు. మిగతా టైములో ఆమె పని ఎక్కువగా ఉన్న వార్డుకు సాయం చేస్తుంది. పగలు కూడా అంతే. 2020లో కరోనా వచ్చినప్పుడు పీపీఈ కిట్ వేసుకున్నవాళ్లు తినలేరు, తాగలేరు కాబట్టి మా దగ్గర షిఫ్టు గంటలు తగ్గించి, ఒక బ్యాచ్ లోపల ఉంటే ఇంకో బ్యాచ్ బయట ఉండేలా చార్టు వేశాం. అప్పుడు కుదిరింది. నర్సు ఒంటిని లెక్కలోకి తీసుకుని చార్టు వేయొచ్చని అప్పుడే తేలింది.

రిలీఫ్‌కు నర్సింగ్ విద్యార్థులను పెట్టడం మాత్రం వద్దు. వాళ్లు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, యాభై మంది ప్రాణాలు వాళ్ల మీద వదలకూడదు. ప్రతి అంతస్తులో ఒక గది కావాలి. దానికి తలుపు, నల్లా ఉన్న బేసిన్, తాగునీళ్లు, నాలుగు కుర్చీలు చాలు. పాత స్టోర్ రూములు చాలా ఆస్పత్రుల్లో విరిగిన మంచాలతో నిండి ఉన్నాయి, ఒకటి ఖాళీ చేయిస్తే సరిపోతుంది. ఇక విరామం దొరకని రోజున ఆ సంగతి రిజిస్టరులో రాయాలి. పేషెంటు ఎంత తాగాడో, ఎంత యూరిన్ వచ్చిందో మిల్లీలీటర్లలో రాసే మేము, డ్యూటీలో ఉన్న మనిషి తినలేదన్నది కూడా రాయగలం. నెలకోసారి ఆ లెక్క నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారికి పోవాలి. ఎన్ని పోస్టులు ఖాళీ అని అడిగితే ఒక అంకె చెప్పి సరిపెడతారు. ఏ వార్డులో ఏ రాత్రి ఎవరు తినలేదో ముందు పెడితే మనుషులు నిజంగా ఎక్కడ తక్కువో కనబడుతుంది.

నా వంతుగా వచ్చే నెల చార్టులో భోజనానికి ఒక గడి గీస్తున్నాను. దానికి ఎవరి పర్మిషనూ అక్కరలేదు. మిగతా జిల్లాల హెడ్ నర్సులు, ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇన్‌చార్జి సిస్టర్లు తమ వార్డుల పరిస్థితి రాసి పంపితే మీ పత్రికలో అచ్చు వేయమని కోరుతున్నాను. ఆరోగ్య శాఖ అధికారులు ఎవరైనా జవాబు రాస్తే అది కూడా వేయండి. ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి నా పేరు, ఆస్పత్రి పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక హెడ్ నర్సు,
ఉత్తర తెలంగాణ